మల్కిభరాముడు

అన్యభాషల పేర్లను తన నోటికి అనువుగా మలచుకోవడం తెలుగుకు తొలినుంచీ ఉన్న అలవాటు. గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీ సుల్తానులలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరును మాత్రం తెలుగు కవులు మలచుకొని ఊరుకోలేదు. దానిని పద్యాలలో నిలిపి, ఆ పేరుగలవానిని తమవాడిగా చెప్పుకున్నారు. మలిక్ ఇబ్రహీం వారి కావ్యాలలో మల్కిభరాముడయినాడు. ఇరానుకు చెందిన తురుష్క వంశంలో పుట్టిన షియా మతస్థుడైన రాజు పేరు చివర ‘రాముడు’ అన్న ధ్వని చేరడం కేవలం ఉచ్చారణ వల్ల జరిగినదే కావచ్చు. కానీ ఆ పేరు విన్న తెలుగువారికి అందులో పరాయితనం ఏదీ తోచి ఉండదు.

1550 నుంచి 1580 వరకు, ముప్పై సంవత్సరాలు అతడు గోలకొండను పాలించాడు. సాహిత్య చరిత్రలలో అతడు కృతిభర్తగా, రసజ్ఞుడుగా కనిపిస్తాడు. రాజకీయ చరిత్రలో అతని రూపం ఇంత సౌమ్యమైనది కాదు. తనకు ఏడేండ్లు అన్నం పెట్టినవానిపై కత్తి దూసినవాడు, తనను సింహాసనం ఎక్కించిన తెలుగు నాయకులను అణచివేసినవాడు కూడా అతడే. ఈ రెండు రూపాలనూ పక్కపక్కన ఉంచి చూస్తేనే అతని జీవితం అర్థమవుతుంది. అనేక జాతులు, మతాలు, భాషలు కలిసి మెలిగే రాజ్యంలో ఒక పాలకునికి దొరికే బలమేమిటో, పొంచి ఉండే ఆపద ఏమిటో ఆ జీవితంలో స్పష్టంగా గోచరిస్తాయి.

దక్కను పీఠభూమి అప్పటికే రెండు శతాబ్దాలుగా నానాజాతుల కూడలి. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడిన నాటినుంచి ఇరాన్, అరేబియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి సైనికులు, పండితులు, వర్తకులు, సూఫీలు నిరంతరం వచ్చి చేరారు. వారిని అఫాకీలు, అంటే పరదేశీయులు అనేవారు. ఉత్తరదేశం నుంచి అంతకు ముందే వచ్చి స్థిరపడిన ముస్లిములు దక్కనీలు. ఆఫ్రికా తీరం నుంచి వచ్చినవారు హబ్షీలు. ఇక నేల విడువకుండా తరతరాలుగా ఉన్న తెలుగు, కన్నడ, మరాఠీ ప్రజలు రాజ్యానికి పునాది వంటివారు. అఫాకీలు మంచి రౌతులు. పారశీక భాషలో రాజవ్యవహారాలు నడపగల దిట్టలు. పైగా వారికి ఈ గడ్డపై బంధుబలం లేదు కాబట్టి రాజును తప్ప వేరొకరిని ఆశ్రయించలేరు. అందుకే రాజులు వారిని ఆదరించారు. అందుకే దక్కనీలు వారిని ద్వేషించారు. పదవులు పంచిన ప్రతిసారీ ఈ ద్వేషం రగిలేది. 1481లో మహమూద్ గవాన్ వంటి సమర్థుడైన మంత్రి, శత్రువర్గం కల్పించిన దొంగలేఖ కారణంగా మరణదండనకు గురయ్యాడు. ఆ తరువాత బహమనీ రాజ్యం ఎన్నాళ్లో నిలవలేదు. అది బీజాపూరు, అహమ్మదునగరం, బీరారు, బీదరు, గోలకొండ అని ఐదు ముక్కలయింది.

ఆ ఐదింటిలో గోలకొండను స్థాపించిన సుల్తాన్ కులీ, హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన అఫాకీయే. ఆయన తెలంగాణమునకు పాలకుడుగా వచ్చి, 1518 ప్రాంతంలో స్వతంత్రుడయినాడు. ఈ దేశానికి వచ్చిన తరువాత ఆయనకు ఒక సంగతి త్వరలోనే బోధపడి ఉండాలి. ఇక్కడి గిరిదుర్గాలను కాచేవారు నాయకవాడీలనే తెలుగు సైనికులు. ఊరి లెక్కలు వ్రాసేవారు కరణాలు. అవి ఉండేది తెలుగులో. ఆ నాయకవాడీలు తలుపు తెరవనిదే కోట దక్కదు. ఆ కరణం కవిలె విప్పనిదే పన్ను రాదు. కాబట్టి కొత్త రాజ్యం మొదటినుంచీ రెండు కాళ్లపై నిలిచింది. ఒకటి పారశీకం తెలిసిన ప్రభువర్గం, రెండవది తెలుగు మాట్లాడే నాయకులు, కరణాలు.

సుల్తాన్ కులీ కుమారులలో చిన్నవాడు ఇబ్రహీం. 1543లో వృద్ధుడైన తండ్రి గోలకొండ మసీదులో ప్రార్థన చేస్తుండగా హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనుక ఉన్నవాడు మరో కుమారుడు జంషీద్. యువరాజైన పెద్దన్న కన్నులు తీయించి జంషీద్ గద్దెనెక్కాడు. ఆ సమయంలో ఇబ్రహీం దేవరకొండ కోటలో ఉన్నాడు. తన వంతు వస్తుందని గ్రహించి బీదరుకు పారిపోయాడు. అక్కడి ఆశ్రయం ఎంతోకాలం నిలవలేదు. చివరకు కృష్ణానది దాటి విజయనగరం చేరాడు. ఆ ప్రయాణంలో అతనిని విడువక వెంట నడిచిన కొద్దిమందిలో ఒక సయ్యదు, ఒక హబ్షీ, ఒక బ్రాహ్మణుడు ఉన్నారని చరిత్రకారులు వ్రాశారు. సింహాసనం కోసం సొంత అన్న ప్రాణం తీయజూసినప్పుడు, రక్తసంబంధం లేని ముగ్గురు మూడు కులమతాల నుంచి వచ్చి తోడు నిలవడం ఆ యువకుని మనస్సుపై ఎటువంటి ముద్ర వేసి ఉంటుందో ఊహించవచ్చు.

విజయనగరంలో అప్పుడు పేరుకు రాజు సదాశివరాయలు. అధికారమంతా అళియ రామరాయలది. రామరాయలు తన యౌవనంలో కొంతకాలం సుల్తాన్ కులీ కొలువులో పనిచేసినట్లు ఒక పారశీక చరిత్ర చెబుతున్నది. ఆ పరిచయమో, శత్రువుకు వారసుడైన రాకుమారుని చేతిలో ఉంచుకోవాలన్న రాజనీతియో, లేక రెండూనో, రామరాయలు ఇబ్రహీమును సగౌరవంగా ఆదరించి జాగీరు ఇచ్చాడు. హిందూ సామ్రాజ్యపు రాజధానిలో ఒక సుల్తాను కుమారుడు ఏడు సంవత్సరాలు అతిథిగా గడపడం ఈనాడు కొందరికి వింతగా తోచవచ్చు. ఆనాటివారికి అది వింత కాదు. విజయనగర సైన్యంలో ముస్లిం రౌతులు, విలుకాండ్రు అంతకు చాలాకాలం ముందునుంచే ఉన్నారు. అహమ్మద్ ఖాను అనే ఉద్యోగి 1439లో కట్టించిన మసీదు హంపీ శిథిలాలలో నేటికీ నిలిచి ఉన్నది.

ఆ ఏడేండ్లూ సుఖంగానే గడిచాయని అనుకోరాదు. రామరాయలు ఇబ్రహీముకు ఇచ్చిన జాగీరు అంతకు ముందు అంబర్ ఖాను అనే హబ్షీ సర్దారుది. తన జీవనాధారాన్ని నిన్నగాక మొన్న వచ్చిన పరదేశికి కట్టబెట్టారని అతడు మండిపడ్డాడు. నడివీధిలో ఇబ్రహీమును అడ్డగించి నిందించాడు. మాటకు మాట పెరిగి కత్తులు దూసుకున్నారు. అంబర్ ఖాను ఆ ద్వంద్వయుద్ధంలో మరణించాడని ఫెరిష్తా చరిత్రలో ఉన్నది. ఇద్దరూ ముస్లిములే, ఇద్దరూ హిందూ ప్రభువు సేవకులే. తగవు మతం గురించి కాదు, భుక్తి గురించి. దక్కనులో నానాజాతుల మధ్య చెలరేగిన కలహాలలో చాలావాటికి మూలం ఇటువంటిదే. పైకి కనిపించే కారణం జాతి, లోపల ఉన్న కారణం జాగీరు.

విజయనగర నివాసమే ఇబ్రహీముకు తెలుగును హృదయానికి దగ్గర చేసింది. కృష్ణదేవరాయల కాలపు సాహిత్య వైభవం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నది. కవులకు అగ్రహారాలివ్వడం, కృతులందుకోవడం, పురాణ శ్రవణం చేయడం రాజులకు నిత్యకృత్యాలుగా ఉన్న వాతావరణంలో అతడు ఏడేండ్లు మెలిగాడు. అక్కడ భాగీరథి అనే తెలుగు వనితను అతడు వివాహమాడాడని జనశ్రుతి ఉన్నది. ఆ కథ మాట ఎలా ఉన్నా, గోలకొండకు తిరిగివచ్చిన ఇబ్రహీం వెళ్లేనాటి ఇబ్రహీం కాడు.

1550లో జంషీద్ వ్యాధితో మరణించాడు. అతని కుమారుడు పసివాడు. ఆ బాలుని పేరిట రాజ్యం నడపడానికి అహమ్మదునగరం నుంచి ఒక సర్దారు వచ్చి కూర్చున్నాడు. ఇది నాయకవాడీలకు గిట్టలేదు. వారి నాయకుడు జగదేవరావు కారాగారం పాలయ్యాడు. ఇటు నాయకవాడీలు, అటు ముస్తఫా ఖాను వంటి ఇరానీ ప్రభువులు కలిసి ఇబ్రహీమును రమ్మని కబురంపారు. గోలకొండ కోటలోని నాయకవాడీలే తిరగబడి జగదేవరావును విడిపించారు. 1550 జూలై 27న ఇబ్రహీం సింహాసనం అధిష్ఠించాడు. అతనికి ఆ దినం కిరీటమిచ్చినవి రెండు చేతులు. ఒకటి తెలుగు నాయకులది, ఒకటి ఇరానీ ప్రభువులది. ముస్తఫా ఖాను మీర్ జుమ్లా పదవి పొందాడు. జగదేవరావుకు కూడా కొలువులో ఉన్నతస్థానం లభించింది.

ఇబ్రహీం పాలనలోని తొలి ఫలం శాంతిభద్రతలు. అంతకు ముందు గోలకొండ రాజ్యంలో బాటసారులకు దొంగల భయం మెండుగా ఉండేది. ఇబ్రహీం దొంగలను అతి కఠినంగా శిక్షించాడు. ఆ శిక్షల క్రౌర్యాన్ని సమకాలికులే ప్రస్తావించారు కనుక దానిని కప్పిపుచ్చనవసరం లేదు. కానీ దారులు నిర్భయమైనాయి. అరేబియా, ఇరాన్, తుర్కిస్తాన్ దేశాల వర్తకులు గోలకొండ విపణులకు రాసాగారు. ఆ వర్తకులు గుర్రాలు తెచ్చారు. వజ్రాలు, నూలువస్త్రాలు కొనిపోయారు. వారు కొన్న బట్ట నేసినది తెలుగు సాలీడు. వజ్రం తీసినది కృష్ణాతీరపు కూలి. భిన్నదేశీయులు ఒకచోట కలిసినందువల్ల కలిగే లాభాన్ని ఇంతకన్నా తేటగా చూపే నిదర్శనం మరొకటి అక్కరలేదు.

సాహిత్యంలో కలిగిన లాభం ఇంకా విలక్షణమైనది. అద్దంకి గంగాధరకవి మహాభారతంలోని ఒక చిన్న కథను విస్తరించి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ అనే ప్రబంధాన్ని రచించి ఇబ్రహీముకు అంకితం చేశాడు. కృతిపతి వంశాన్ని వర్ణించడం ప్రబంధ సంప్రదాయం. సూర్యచంద్ర వంశాలను వర్ణించే ఆ సంప్రదాయంలో, హమదాన్ నుంచి వచ్చిన వంశానికి కూడా గంగాధరకవి చోటు కల్పించాడు. రెండు వైపులా కొంత సర్దుబాటు లేనిదే ఇది సాధ్యం కాదు. సుల్తాను హిందూ పురాణకథను సంతోషంతో స్వీకరించాలి. కవి తన అలంకారాలను కొత్త వంశానికి కుదిరేటట్లు సవరించుకోవాలి. ఇద్దరూ ఆ పని చేశారు. ‘సుగ్రీవ విజయము’ అనే యక్షగానాన్ని, ‘నిరంకుశోపాఖ్యానము’ అనే ప్రబంధాన్ని రచించిన కందుకూరి రుద్రకవి కూడా ఇబ్రహీం ఆదరణకు పాత్రుడై చింతలపాలెం గ్రామాన్ని అగ్రహారంగా పొందాడు.

రాజు అభిరుచి సామంతులకు సోకింది. ఇబ్రహీం సర్దారులలో అమీన్ ఖాను అనే ప్రభువు హైదరాబాదుకు వాయవ్యంగా ఉన్న నేటి పటాన్‌చెరులో ఉండేవాడు. పొన్నెగంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్ర’ను అతనికి అంకితమిచ్చాడు. ఈ కావ్యానికి తెలుగు సాహిత్యంలో ఒక ప్రత్యేకత ఉన్నది. సంస్కృత తత్సమాలను పరిహరించి, ఆద్యంతం అచ్చతెనుగులో వ్రాసిన మొదటి కావ్యం ఇదే. అచ్చతెనుగు అంటే సంస్కృత తత్సమాలు లేని తెలుగు. అటువంటి తెలుగులో వెలువడిన తొలి కావ్యకన్యకు భర్త ఒక ముస్లిం ప్రభువు! భాషాభిమానానికీ పరాయివారిపట్ల ద్వేషానికీ సంబంధం ఉండనవసరం లేదని చెప్పడానికి ఈ ఒక్క గ్రంథం చాలు.

అదే కొలువులో ఫిరోజ్, ముల్లా ఖయాలీ వంటి కవులు దక్కనీ భాషలో వ్రాసేవారు. దక్కనీ అనేది ఉత్తరాది మాటలు, పారశీక పదాలు, తెలుగు, మరాఠీ వాసనలు కలిసి ఏర్పడిన భాష. కొలువుకు పారశీకం, బజారుకు దక్కనీ, ఊరికి తెలుగు. ఒక మనిషి ఉదయం నుంచి సాయంత్రం దాకా ఈ మూడింటినీ వాడవలసి వచ్చేది. గోలకొండ కాలంలోను, ఆ తరువాతి మొగలు, ఆసఫ్‌జాహీ పాలనలలోను తెలుగులోకి వచ్చి చేరిన మాటలను లెక్కించడం కష్టం. కాగితం, సిరా, జమీను, జాగీరు, దస్తావేజు, కచేరి, దర్జీ వంటి మాటలను వాడేటప్పుడు అవి ఎక్కడివో మనకు స్ఫురించనైనా స్ఫురించదు.

నిర్మాణాలలో కూడా ఈ కలయిక కనిపిస్తుంది. చెరువులు తవ్వించడం కాకతీయుల నాటి తెలుగుదేశపు సంప్రదాయం. ఇబ్రహీం ఆ దారినే నడిచాడు. 1562లో హుసేన్ షా వలీ అనే సూఫీ పెద్ద పర్యవేక్షణలో మూసీ ఉపనదికి కట్ట కట్టి తటాకం నిర్మించారు. అదే హుసేన్ సాగరం. దానికి తన పేరు నిలవాలని సుల్తాను ఆశించాడనీ, ప్రజలు మాత్రం పని చేయించిన వలీ పేరుతోనే పిలిచారనీ, అందువల్ల అతడు వేరే చెరువు తవ్వించి ఇబ్రహీంపట్నం చెరువని పేరు పెట్టించుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1578లో మూసీనదిపై కట్టించిన వంతెన నేడు పురానాపూల్ అనే పేరుతో నిలిచి ఉన్నది. ప్రేయసిని కలుసుకోవడానికి వరదలో గుర్రాన్ని దూకించిన రాకుమారుని కోసం తండ్రి ఆ వంతెన కట్టించాడన్న కథ చాలామంది వినే ఉంటారు. వంతెన పూర్తి అయ్యేనాటికి ఆ రాకుమారుడు మహమ్మద్ కులీ వయస్సు పన్నెండు, పదమూడు ఏండ్లకు మించదు కాబట్టి ఆ కథను కథగానే విని ఆనందించాలి.

ఇంత ఐశ్వర్యం పండిన కొలువులోనే విషబీజం కూడా మొలకెత్తింది. జగదేవరావు తాను రాజును చేసినవాడినన్న భావం వీడలేకపోయాడు. అతని చేతిలో కోటలు ఉన్నాయి, నాయకవాడీల విధేయత ఉన్నది. ముస్తఫా ఖాను ప్రాబల్యం పెరిగినకొద్దీ అతనికి అసంతృప్తి పెరిగింది. ఇబ్రహీమును తొలగించి మరొక సోదరుని గద్దెనెక్కించాలని కుట్ర పన్నాడు. కుట్ర బయటపడింది. అతని అనుచరుడు ప్రాణం కోల్పోయాడు. జగదేవరావు పారిపోయి బీరారు సుల్తానును ఆశ్రయించి, అక్కడా ఇమడలేక, తిరిగివచ్చి గోలకొండ సైన్యంతో పోరాడి ఓడి, కడకు రామరాయల పంచన చేరాడు. ఒకప్పుడు ఇబ్రహీం ఆశ్రయం పొందిన వాకిటనే ఇప్పుడు అతని శత్రువు ఆశ్రయం పొందాడు.

భిన్నవర్గాల రాజ్యానికి ఉండే ప్రధానమైన బలహీనత ఈ సంఘటనలో బయటపడుతుంది. ఒక్కొక్క వర్గానికి రాజ్యం వెలుపల కూడా ఒక్కొక్క ఆధారం ఉన్నది. ఇరానీలు ఇక్కడ అలిగితే బీజాపూరుకో అహమ్మదునగరానికో పోయి కొలువు సంపాదించుకోగలరు. తెలుగు నాయకులు అలిగితే విజయనగరం ఉన్నది. కాబట్టి ఇంటి తగవు ఇంటిలో తీరదు. పొరుగువాని గుమ్మం ఎక్కి, అక్కడనుంచి యుద్ధంగా తిరిగి వస్తుంది. అంతకు మించిన నష్టం మరొకటి ఉన్నది. ఒక వర్గంలోని నాయకుడు తప్పు చేస్తే, ఆ వర్గమంతటిపైనా అనుమానపు నీడ పడుతుంది. జగదేవరావు పోయిన కొన్నేండ్లకు, రాజు కోట వెలుపల ఉన్న సమయం చూసి గోలకొండను పట్టుకోవాలని సూర్యారావు నాయకత్వంలో నాయకవాడీలు మరొక కుట్ర పన్నారు. రామరాయల ప్రోత్సాహం దాని వెనుక ఉన్నదని పారశీక చరిత్రలు ఆరోపిస్తున్నాయి. కుట్రదారులకు మరణదండన పడింది. తనకు కిరీటమిచ్చిన రెండు చేతులలో ఒకదానిని ఇబ్రహీం తానే నరికివేయవలసివచ్చింది. ఆ దండనలో దోషులతోపాటు నిర్దోషులు లేరని ఎవరు చెప్పగలరు?

ఈలోగా రామరాయలతో మైత్రి కూడా చెడిపోసాగింది. దక్కను సుల్తానులలో ఒకరిపై ఒకరిని ప్రయోగించి అందరిపై పైచేయి సాధించడం రామరాయల నీతి. పాత మైత్రి ననుసరించి ఇబ్రహీం కూడా మొదట అతనితో కలిసి అహమ్మదునగరంపై దండెత్తాడు. తరువాత అహమ్మదునగర సుల్తాను హుసేన్ నిజాంషా కుమార్తెను వివాహమాడి ఆ పక్షం చేరాడు. అప్పుడు రామరాయల సేనలు గోలకొండ రాజ్యంలో ప్రవేశించాయి. ఆ దండులో జగదేవరావు కూడా ఉన్నాడు. తమ దేశపు కోటల మర్మాలు తెలిసినవాడు శత్రువుకు దారి చూపుతుంటే గోలకొండ నిలవలేకపోయింది. కోయిలకొండ, పానుగల్లు, ఘనపురం దుర్గాలను అప్పగించి ఇబ్రహీం సంధి చేసుకున్నాడు. ఆశ్రయమిచ్చినవాడే అవమానించాడన్న బాధ అతని మనస్సులో నాటుకుపోయింది. రామరాయల వైపునుంచి చూస్తే, తన ఇంట పెరిగినవాడే తనకు ఎదురు తిరిగాడన్న ఆగ్రహం. ఇద్దరి ఫిర్యాదులోనూ సత్యం లేకపోలేదు.

1565 జనవరి 23న కృష్ణకు దక్షిణాన జరిగిన తళ్లికోట యుద్ధంలో బీజాపూరు, అహమ్మదునగరం, బీదరు, గోలకొండ సేనలు ఒక్కటై విజయనగరాన్ని ఎదిరించాయి. ఈ కూటమిని సమకూర్చడానికి రాయబారాలు నడిపినవారిలో ముస్తఫా ఖాను ముఖ్యుడు. ఇబ్రహీం ఎడమ పార్శ్వంలో నిలిచి పోరాడాడు. వయోవృద్ధుడైన రామరాయలు పట్టుబడగా హుసేన్ నిజాంషా అతని శిరస్సు ఖండింపజేశాడు. ఆ వార్త విన్న క్షణంలో ఇబ్రహీం మనస్సులో ఏమి మెదిలిందో ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు. తాను యౌవనం గడిపిన ఆ మహానగరం తరువాతి నెలలలో దోపిడికి గురై పాడుపడింది.

ఈ యుద్ధాన్ని రెండు మతాల మధ్య పోరాటంగా మాత్రమే చెప్పే అలవాటు చాలాకాలంగా ఉన్నది. కూటమి కట్టడానికి మతం పేరు ఉపయోగపడిన మాట వాస్తవమే. అంతకు కొద్ది సంవత్సరాల ముందు వరకు అదే సుల్తానులు రామరాయల సహాయంతో ఒకరిపై ఒకరు దండెత్తిన మాట కూడా వాస్తవమే. యుద్ధం ముగిసిన తరువాత సుల్తానుల ఐక్యత ఎంతోకాలం నిలవలేదు. ముస్తఫా ఖాను సైతం ఇబ్రహీమును విడిచి బీజాపూరు కొలువుకు వెళ్లిపోయాడు. ఇబ్రహీముకు కిరీటమిచ్చిన రెండవ చేయి ఆ విధంగా తానై తప్పుకున్నది.

జగదేవరావు, సూర్యారావుల కుట్రల తరువాత కూడా ఇబ్రహీం హిందువులను కొలువునుంచి తొలగించలేదు. రాజ్యం వారు లేనిదే నడవదు. అతని చివరి సంవత్సరాలలో సేనానులలో అగ్రగణ్యుడు మురహరిరావు అనే మరాఠీ బ్రాహ్మణుడు. రాజమహేంద్రవరం 1572 నాటికే గోలకొండ వశమయింది. 1579లో మురహరిరావు కృష్ణకు దక్షిణంగా దండయాత్ర సాగించి అహోబిల క్షేత్రాన్ని కొల్లగొట్టాడు. రత్నాలు పొదిగిన విగ్రహాన్ని తెచ్చి సుల్తానుకు సమర్పించాడు. కృష్ణదేవరాయలు దర్శించి కానుకలిచ్చిన గుడి అది. విజయనగర ప్రభుతకు చిహ్నం. గుడిని దోచినవాడు బ్రాహ్మణుడు, దోపిడిని అందుకున్నవాడు పురాణకథలను కృతులుగా అందుకున్న మల్కిభరాముడు. ఈ సంఘటనను కవుల ప్రశంసల చాటున దాచడమూ సరికాదు, దీని కారణంగా ఆ ప్రశంసలన్నీ అసత్యాలనడమూ సరికాదు. కొలువు ఉదారంగా ఉన్నా, సరిహద్దు దాటిన సైన్యం ఉదారంగా ఉండలేదు. అహోబిలం పరిసరాలలోని భక్తులకు సుల్తాను రసజ్ఞత ఏమి ఊరట కలిగించగలదు?

1580 జూన్‌లో ఇబ్రహీం కుతుబ్‌షా మరణించాడు. గోలకొండ కోట సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల మధ్య అతని సమాధి ఉన్నది. గోడలకు ఒకప్పుడు అలంకరించిన రంగుపలకల జాడలు అక్కడక్కడ నేటికీ మిగిలి ఉన్నాయి. అతని తరువాత రాజ్యానికి వచ్చిన మహమ్మద్ కులీ దక్కనీలో కవిత్వం చెప్పాడు. ఆ కవిత్వంలో బసంతం పండుగకు, ఇక్కడి వానలకు, పూలకు, పండ్లకు చోటు దొరికింది. తండ్రి కట్టించిన వంతెనకు ఆవలి ఒడ్డున, మూసీకి దక్షిణంగా, 1591లో అతడు కొత్త నగరానికి పునాది వేశాడు. అప్పటికి గోలకొండ కోట లోపల జనం కిక్కిరిసిపోయి, ఇరానీలకు, దక్కనీలకు, తెలుగువారికి, మరాఠీలకు ఇండ్లు కట్టుకునేందుకు స్థలం చాలడం లేదు.